చెక్కల వెనక

అమ్మడూ,

సెలవులకి నా దగ్గరున్న నీ కూతురికి ఇంకా పెద్ద ట్యాబ్ పంపుతానన్నావట. కాస్త ఆగు.

మొన్న సాయంత్రం దాన్ని బతిమాలి పెరట్లో దాగుడుమూతలు మొదలెట్టాను. నా వడ్రంగి చెక్కల వెనక దాక్కున్నాను. మీ అమ్మ బజారుకి పంపుతుందని దాక్కునే చోటే, ఆ కథ వేరు. ఇంతలో లోపల ట్యాబ్ మోగింది, పిల్ల వెళ్ళిపోయింది. దాని అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని చీకటి పడేదాకా కూర్చున్నాను.

చివరికి నేనే లోపలికెళ్ళి, "ఏమే, ఓడిపోయావా?" అన్నాను.

తలెత్తకుండా, "నువ్వింకా దొరకలేదు తాతా, మాట్లాడకూడదు" అంది.

అప్పట్నుంచి పిలిచినా పలకదు, అన్నం పెడితే కంచం వంకే చూస్తుంది. నవ్వకు, నిన్న నేనున్నానో లేనో అద్దంలో చూసుకున్నాను.

ట్యాబ్ పంపకు. తాతని వెతకమని దానికి ఫోన్ చేసి చెప్పు. నేను చెక్కల వెనకే ఉంటాను.

మీ నాన్న