మార్కు మోకాలికి విడుదల

దర్శి,
అక్టోబరు 2002,
ఆదివారం, ఆరాధన ముగిశాక.

తమ్ముడు మార్కుకు,

ప్రభువు పేరట నీ అక్క సువార్తమ్మ వందనాలు. ఇక్కడ నేనూ, మీ బావా, పిల్లలూ బాగానే ఉన్నాం. నువ్వు కూడా అక్కడ బాగానే ఉన్నానని రాశావు. చదివాను.

బావ దగ్గు సంగతి అడిగావు. తగ్గింది. పురుగుమందు కొట్టే రోజున ముక్కుకు గుడ్డ కట్టుకోమంటే వినడు, అందుకే వచ్చింది. మిరప తోటకు ఈ ఏడు ఆకుముడత పెద్దగా లేదు. పత్తి మొదటి తీత సగంలో ఉండగా వాన పట్టుకుంది. తడిసిన పత్తిని వసారా నిండా ఆరబోసి, దాని పక్కనే పడుకుంటున్నాం. చిన్నది దాంట్లోకి దూకి రోజూ తన్నులు తింటోంది.

ఉత్తరాలెందుకు, ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి ఫోన్ చేయవచ్చు కదా అన్నావు. ఆ అద్దాల గదిలో నేను మాట్లాడితే బయట నిలబడ్డవాళ్ళందరికీ వినపడుతుంది. నా గొంతు సంగతి నీకు తెలియనిది కాదు. కొన్ని మాటలు రాసుకోవడమే మేలు.

నా ప్రసంగాలు ఎలా జరుగుతున్నాయన్నావు. జరుగుతున్నాయి. పోయిన వారం పొదిలి రోడ్డు మీద కూటం పెట్టారు. మైకు పట్టుకున్నాను, అరిచాను, జనం ఏడ్చారు. స్తంభానికి కట్టిన హార్నులోంచి నా గొంతు నాకే వినపడుతుంటే, ఎవరీవిడ, ఎందుకింతగా అరుస్తోంది అనిపించింది. ఇంటికొచ్చి అన్నం తిన్నాను. కూరలో ఉప్పు మరిచావని బావ అన్నదాకా నాకు తెలియలేదు.

మీ ఆటగాళ్ళుండే మెస్‌కు సున్నాలు వేస్తున్నారనీ, అందుకని స్నేహితుడి గదిలో ఉంటున్నాననీ కొత్త అడ్రసు ఇచ్చావు. దానికే రాస్తున్నాను. ఈ వానల్లో సున్నాలేమిటని బావ అడిగాడు. కలకత్తాలో వానలు అయిపోయి ఉంటాయిలే అన్నాను.

ఇక నువ్వు అన్నిటికంటే పెద్ద అక్షరాలతో అడిగిన ప్రశ్న. ఈసారి మన టీమ్ గురించి ఊళ్ళో ఏమనుకుంటున్నారని. చెబుతాను.

నువ్వు ఆ కలకత్తా క్లబ్‌లో చేరేదాకా ఈ ఊళ్ళో ఫుట్‌బాల్ మ్యాచ్ మొదటినుంచి చివరిదాకా చూసినవాళ్ళు లేరు, ఒక్క భావనారాయణ గారు తప్ప. ఆయన ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసి రిటైరై వచ్చాడు కనుక ఆయన మాటకు విలువ. ఇప్పుడు బస్టాండు దగ్గర మీరావలి టీ హోటల్లో పొద్దున్నే ఇదే గొడవ. ఆటో కోటి సంగతి చెప్పనే అక్కర్లేదు. వాడు ఆ క్లబ్‌ను పేరు పెట్టి పిలవడు. మార్కు టీమ్ అంటాడు. కిరాయికి రమ్మంటే, ఉండండి, మా టీమ్ సంగతి తేలనివ్వండి అంటాడు. ఎక్కినవాళ్ళు దిగి నడిచిపోతున్నారు.

భావనారాయణ గారిది ఒకటే పట్టు. గోవా వాళ్ళది ఈసారి గట్టి జట్టు, మనకు మధ్యలో బంతిని పట్టి నడిపించేవాడు లేడు, ఆ నైజీరియా అబ్బాయి గోల్ కొట్టగలడు కానీ అతనికి బంతి అందించేదెవరు అని.

"మధ్యలో ఎవడూ లేకపోతే ఏమైంది బాబాయ్ గారూ? చివర మావాడున్నాడుగా," అన్నాడు కోటి. "గోల్ పడనివ్వడు. గోల్ పడకపోతే ఎట్టా ఓడతాం?"

"ఓడవురా. గెలవవు కూడా. సున్నా సున్నా అయితే వచ్చేది ఒక్క పాయింటు. ఒక్కో పాయింటు ఏరుకుంటే కప్పొస్తుందా?"

"కప్పులకేం కరువు," అన్నాడు మీరావలి టీ వడగడుతూ. "చెవి విరిగినవి నా దగ్గర బోలెడున్నాయి. మీ టీమ్‌కు ఒకటిస్తా, ఆడకుండానే పట్టుకుపొండి."

నేను కూడా ఊరుకోలేదు. నా నోరు ఊరుకునేది కాదు కదా. మిగతా పదిమందీ పరుగెత్తేవాళ్ళు, వాళ్ళకు అలుపూ ఉంది, చప్పట్లూ ఉన్నాయి, గోల్ దగ్గర నిలబడేవాడు మాత్రం ప్రాకారం మీద కావలివాడు అని చెప్పాను. లేఖనాలు తిరగేసి చూడండి, పట్టణాలు కూలింది శత్రువు బలం వల్ల కంటే లోపలివాళ్ళు కునికినందువల్లే ఎక్కువ అన్నాను. మీరావలి వడగట్టడం ఆపి విన్నాడు. అప్పటినుంచి మన సంఘం పిల్లలు గోల్‌కీపర్ అనరు, కావలివాడు అంటారు. వీధిలో ఆడేటప్పుడు కావలివాడిగా ఉండటానికి కొట్టుకుంటున్నారు.

ఇదంతా ఎండాకాలం చివర్లో. తర్వాత ప్రాక్టీసులో మోకాలు మెలితిరిగిందని నువ్వు రాశావు. ఆ వారంనుంచి ప్రతి శుక్రవారం సంఘమంతా ఉపవాసముండి ఆ మోకాలి కోసం ప్రార్థన చేసింది. మనం ఎలా ప్రార్థిస్తామో నీకు తెలుసు. జ్వరం పోయినా, తాగుడు మానినా, దయ్యం వదిలినా మనకు ఒకటే మాట. విడుదల. ప్రభువా, మార్కు మోకాలికి విడుదల దయచేయి. చిన్నపిల్లలు కూడా ఇదే మాట. అమ్మ పోయాక నిన్ను చంకనేసుకుని ఊరూరా కూటాలకు తిరిగినదాన్ని నేను, నీకు మొదట వచ్చిన ప్రార్థన కూడా ఆ మాటతోనే మొదలయింది.

పోయిన నెల ఒక ఆదివారం, ఆరాధన మధ్యలో కోటి వచ్చాడు. వాడు మన సంఘం కాదు, అయినా చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, పేపరు పట్టుకుని నేరుగా నా దగ్గరకు నడిచాడు. చివరి పేజీలో కింద మూల చిన్న వార్త. మోకాలి గాయంతో బాధపడుతున్న గోల్‌కీపర్ మార్కుకు విడుదల, సీజన్‌కు ముందు క్లబ్ నిర్ణయం అని ఉంది.

రెండోసారి చదవలేదు నేను. నీ పేరుంది, మోకాలుంది, విడుదల ఉంది. మనం ఏ మాటతో అడిగామో ఆ మాటనే పేపరువాడి చేత రాయించాడు చూడండి అని కేక వేశాను. గంజీరలు మోగాయి. ఆడవాళ్ళు ఏడ్చారు. అక్కడే నిలబడి సాక్ష్యం చెప్పాను. కోటి కూడా చప్పట్లు కొట్టాడు. మీరావలి సంఘమంతటికీ టీ పంపించాడు.

ఆ తర్వాత హోటల్లో వాదన ఇంకో దారి పట్టింది. కావలివాడు లేచి నిలబడ్డాడు కనుక కప్పు మనదే, ఎంత తేడాతో అన్నదే లెక్క అన్నాడు కోటి. మొదటి మ్యాచ్ టీవీలో వస్తుందట. మీరావలి టీవీని బయట బల్ల మీద పెట్టించాలనీ, ఆట మొదలయ్యే ముందు నేను ప్రార్థన చేయాలనీ తీర్మానించారు. భావనారాయణ గారు మాత్రం ఏమీ అనకుండా టీ తాగి వెళ్ళిపోయాడట.

బుధవారం ఆయన మా ఇంటికి వచ్చాడు. నేను వసారాలో పత్తిలోని ఆకు ముక్కలు ఏరుతున్నాను. ఆయన కూడా ఎదురుగా కూర్చుని కాసేపు ఏరాడు. తర్వాత అన్నాడు.

"సువార్తమ్మా, నువ్వు చదివిన విడుదల వేరు. వాళ్ళు రాసిన విడుదల వేరు."

నేను ఇంకో ఆకు ముక్క ఏరి పక్కన పడేశాను.

"క్లబ్ ఒకణ్ణి విడుదల చేసిందంటే, ఇక వాడు మాకు అక్కర్లేదు, వేరే చోటు చూసుకొమ్మని. ఖరగ్‌పూర్‌లో ఉన్నన్నాళ్ళూ సీజన్ ముందు ఇట్లాంటి వార్తలు చదివేవాణ్ణి."

"మంచినీళ్ళు తాగుతారా?" అన్నాను.

తాగి వెళ్ళాడు. నేను చీకటి పడేదాకా ఆకులు ఏరాను. నాకు కోపం రావాలి. అబద్ధం అంటే నేను ఎంతమందిని నిలబెట్టి కడిగానో నీకు తెలుసు. కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే పెదవి మనదో కాదో తెలియదే, లోపలంతా అలా ఉంది. మోకాళ్ళ మీద పడ్డాను. మాట రాలేదు, అలాగే లేచాను. శుక్రవారం అందరితో కలిసి ఉపవాసమున్నాను, ఆకలి కూడా వేయలేదు.

ఆ తర్వాతే నీ ఉత్తరం వచ్చింది. ప్రాక్టీసు జోరుగా ఉందనీ, కోచ్ నిన్ను మెచ్చుకుంటున్నాడనీ, ఈసారి కప్పు కొట్టే జట్టు మాదేననీ రాశావు. మార్కు ఏం రాశాడు, చదివి వినిపించమని సంఘంలో అడిగారు. చదివాను. కోచ్ మెచ్చుకున్న చోట గొంతు పెంచి చదివాను. ఆమేన్ అన్నారు. అందులో ఒక్క ముక్క నిజం కాదని తెలిసి, వాక్యం చెప్పే బల్ల వెనక నిలబడి చదివాను తమ్ముడూ. ఇంతసేపూ మిరప తోటా పత్తీ అంటూ రాసింది ఈ మాట దగ్గరకు రాలేకే. నీ సంగతి నాకు తెలుసు. తెలిసినట్టు ఎవరికీ చెప్పలేదు, మీ బావకు కూడా.

నిన్న సాయంత్రం చేలోనుంచి వస్తుంటే వాన. గోనెపట్టా తలమీద వేసుకుని, మీరావలి హోటల్ వెనక చూరు కింద నిలబడ్డాను. లోపల వాళ్ళు ముగ్గురే ఉన్నారు. ఎప్పుడూ పెద్దగొంతుతో మాట్లాడే కోటి మెల్లగా మాట్లాడుతున్నాడు.

"ఆ రోజుకు టీవీ చెడిపోయిందని చెబుదాం మీరావలి మామా. అక్క అక్కడ కూర్చుని గోల్‌లో ఇంకెవడినో చూడటం నావల్ల కాదు. పేపరు తెచ్చిందే నేను."

"చెడగొడతాలే. మొదటి మ్యాచ్ దాటుద్ది," అన్నాడు మీరావలి. "రెండోదానికి ఏం చేద్దాం?"

భావనారాయణ గారి గొంతు వినపడలేదు. ఆ వార్త అసలు అర్థం ఆయన వాళ్ళకూ చెప్పాడనీ, నాకు చెప్పినట్టు మాత్రం వాళ్ళతో అనలేదనీ అప్పుడు తెలిసింది. మొన్నటిదాకా నేను బజారులో కనపడగానే ఆ వాదన ఎందుకు అంత జోరందుకునేదో కూడా తెలిసింది. అదంతా నాకోసమే.

వాన తగ్గలేదు. ముందువైపుకు వచ్చాను. నన్ను చూసి కోటి బల్ల మీద చరిచాడు.

"రా అక్కా. గోవా కాదు, గోవా తాత దిగినా ఈసారి కప్పు మనదే."

"మధ్యలో ఎవడూ లేడు కదరా," అన్నాను.

"చివర మావాడున్నాడుగా," అన్నాడు. నా మొహంలోకి చూడలేదు.

మీరావలి టీ ఇచ్చాడు. తాగాను. నాలుక కాలింది. కాలినట్టు తెలిసింది, అందుకే నీకు రాస్తున్నాను.

విను మార్కూ. నువ్వు మా దగ్గర దాస్తున్నావు. నేను వాళ్ళ దగ్గర, వాళ్ళు నా దగ్గర. అందరికీ తెలిసిపోయాక ఇంక ఎవరి కోసం ఆ పరాయి గదిలో కూర్చున్నావు? సున్నాలు చాలు. పైకి సున్నం కొట్టుకుని లోపల ఎముకలు దాచిన సమాధుల మీద నేను ఎన్ని ఊళ్ళలో ప్రసంగం చేశానో. నీ మీద చేయను. ఈసారి ఆ సున్నం బకెట్టు నేనే మోశాను.

నువ్వు రాసినదాన్ని ముందూ వెనకా తిప్పి చదివాను. కోచ్ ఉన్నాడు, మెస్ ఉంది, కప్పు ఉంది. మోకాలి మాట ఒక్కటీ లేదు. నడుస్తున్నావా? మెట్లు ఎక్కగలుగుతున్నావా? ఆ గదిలో నీకు నీళ్ళు ఎవరు తెచ్చిపెడుతున్నారు? నాకు కావలసింది ఇదొక్కటే. క్లబ్‌వాళ్ళు అన్న విడుదల వాళ్ళది. నేను అడిగిన విడుదల వచ్చిందో రాలేదో పేపరులో లేదు, నీ ఉత్తరంలోనూ లేదు. సంఘంలో చెప్పిన సాక్ష్యాన్ని నేను వెనక్కి తీసుకోలేదు. అది నీ కోసం ఆగి ఉంది. నువ్వు వచ్చి ఆ గుమ్మంలో నిలబడితే గానీ అది నిజమో కాదో చెప్పలేను.

మొదటి మ్యాచ్ రోజుకు రా. ఒంగోలులో రైలు దిగి బస్సెక్కు, ఇక్కడ బస్టాండులో కోటి ఉంటాడు. మీరావలికి టీవీ చెడగొట్టే పని ఉండదు. గోల్‌లో ఎవరో ఒక పిల్లవాడు నిలబడి ఉంటాడు, నువ్వు మా పక్కన కూర్చుని ఉంటావు. మధ్యలో ఆడేవాడు ఉన్నాడో లేడో భావనారాయణ గారూ నువ్వూ తేల్చుకుందురుగాని. ఆట ముందు నన్ను ప్రార్థన చేయమన్నారు కదా, ఆ పరాయి కావలివాడి కోసమే చేస్తాను. వాడికీ ఎక్కడో ఒక అక్క ఉంటుంది.

కుంటుతూ వచ్చినా రా.

ఇట్లు,
శుక్రవారాలు ఇంకా మానని
నీ అక్క,
సువార్తమ్మ.