అంకిత పోస్టరు మీది నా ఫోటో

క్యారీ, నార్త్ కరోలినా
తేది: 9-3-2015

మిడిల్ స్కూల్ ప్రిన్సిపాల్ గారి సముఖమునకు రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ పద్మనాభం సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఆరో తరగతి చదువుచున్న నా మనవరాలు అంకిత చేసిన పోస్టరు నుండి నా ఫోటో తొలగించుట గురించి.

1. సదరు పోస్టరు అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు చరిత్రకు సంబంధించినది. 1979లో కోస్టారికాలో నెలకొన్న ఆ కోర్టు, హోండురాస్‌లో ప్రభుత్వ మనుషులు పట్టుకుపోగా మాయమైన ఒక విద్యార్థి కేసులో 1988లో తీర్పు ఇచ్చుచూ, మనిషి ఏమయ్యాడో తేలేవరకు వెతికే బాధ్యత ప్రభుత్వానికి తీరదని చెప్పినది. దరిమిలా ఎన్నో దేశాల కోర్టులు ఆ మాటనే పట్టుకున్నవి. ఇదంతా పిల్ల నన్ను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి చెప్పినది.

2. చెప్పి, "తాతా, నీ పోలీస్ స్టేషన్‌లో ఎవరైనా అలా మిస్ అయ్యారా?" అని అడిగినది. "ఒక్కరు కూడా లేరు తల్లీ" అంటిని. ఆ మాట నమ్మి, "మా తాత స్టేషన్‌లో ఎవరూ మాయం కాలేదు" అని రాసి, యూనిఫాంలోని నా ఫోటో అంటించినది. అది తమ హాలులో ఉన్నది. శుక్రవారం రాలీ నగరంలో జరుగు పోటీకి వెళ్లనున్నది. మొన్న పిల్లను పికప్ చేసుకోవడానికి వచ్చినప్పుడు తమరు నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చిరి. ఆ చెయ్యి ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

3. నిజము ఏమనగా, 1986లో నేను స్టేషన్ రికార్డులు రాయు రైటరును. శ్రీధర్ అను ఇరవై ఏళ్ల కుర్రవాడిని తీసుకొచ్చిరి. జనరల్ డైరీలో నాలుగు పంక్తులు ఖాళీ వదిలి, ఎస్సైగారు ఏమి రాయమంటే అది తర్వాత నింపుట మా పద్ధతి. కుర్రవాడు లాకప్పులోనే పోయాడు. ఆ నాలుగు పంక్తుల్లో గస్తీ వివరాలు నింపితిని. దస్తూరీ బాగుందని ఎస్సైగారు మెచ్చుకున్నారు. నాకు సంతోషం వేసింది. అదీ రాస్తున్నాను.

4. అతని తల్లి కోటమ్మ పదకొండు రోజులు వచ్చినది. "మీవాడు ఇక్కడికి రానేలేదమ్మా" అని డైరీ తెరిచి చూపించితిని. ఆమెకు చదువు రాదు. అయినా వేలు పెట్టి ఒక్కో పంక్తీ వెతికినది.

5. ఈ దేశం సదరు కోర్టు ఒడంబడికపై సంతకం చేసి కూడా ఆమోదించనందున ఇక్కడ దాని తీర్పు చెల్లదు. మా దేశానికి అసలే వర్తించదు. కనుక నాకు భయం లేదు. సిగ్గు ఉన్నది. అన్నం ముందు కూర్చుంటే సిగ్గు, పిల్ల తాతా అని పిలిస్తే సిగ్గు.

కావున సదరు ఫోటో తొలగించి, పిల్లకు మార్కులు తగ్గించక, తప్పంతా నాదిగానే చిత్తగించవలెను.

ఇలా రాసుకొను అర్హత లేకపోయినా,
తమ విధేయుడు,
పద్మనాభం

తా.క.: అమ్మా స్రవంతీ, ఆ ప్రిన్సిపాల్‌కి తెలుగు రాదు. దీన్ని ఇంగ్లీషులోకి మార్చేది నువ్వేనని తెలిసే రాశాను. కన్నకూతురి ముఖం చూసి చెప్పే ధైర్యం లేకపోయింది. ఎక్కడా మెత్తగా మార్చకు. ఆ పదకొండు రోజులూ స్టేషన్ పక్కనే ఉన్న మన క్వార్టర్స్ అరుగు మీద కూర్చున్న ఆవిడకి మంచినీళ్లు ఇచ్చింది నువ్వే. నీకు ఆరేళ్లు. "నాన్నా, ఆవిడ ఎందుకు ఏడుస్తోంది?" అన్నావు. కంట్లో నలుసు పడిందన్నాను. వాళ్లబ్బాయి చచ్చిపోయాడమ్మా. ఆ సంగతి ఆవిడకి నేనింకా చెప్పలేదు.