గువ్వలకొండ మీద మబ్బుల్లేవు

1979 జూన్ 11, సోమవారం

ఆళ్లగడ్డలో బస్సు దిగి, ఎద్దులబండిలో గువ్వలకొండ కింది ఊరు చేరాను. ఒళ్లో టెలిస్కోపు, కాళ్ల దగ్గర థర్మామీటర్ల పెట్టె, నెత్తిన ఎండ. నంద్యాల బడిలో నా పంతులు పనికి మూడు నెలలు సెలవు — హైదరాబాదు ఖగోళ సంస్థవాళ్లు అడిగితే ఇచ్చారు. ఎనిమిదో తరగతి పిల్లలు ఊపిరి పీల్చుకుని ఉంటారు. నేను కూడా.

బస సుబ్బారెడ్డి గారింట్లో, ముందరి గది. అరవై దాటిన మనిషి. కొండ కింద చేను ఆయనదే. పెట్టె చూశాడు, గొట్టం చూశాడు, నన్ను చూశాడు.

"ఏందప్పా ఇది? వాన ఆఫీసా?"

కాదన్నాను. పెద్ద టెలిస్కోపు పెట్టడానికి మంచి కొండ వెతుకుతున్నారని, గువ్వలకొండ మీద ఆకాశం ఎట్లుంటుందో రోజూ చూసి రాయడమే నా పని అని చెప్పాను.

"ఆకాశం చూస్తావు."

"అవునండీ."

"అంటే వాన ఆఫీసే." లోపలున్న భార్యకు కేకేశాడు — "లచ్చుమమ్మా, వాన అయ్యోరొచ్చినాడు, మజ్జిగియ్యి!"

జూన్ 13

మొదటిసారి ఎక్కాను. మూడు చోట్ల కూర్చున్నాను, ఒక చోట పడుకున్నాను. పైన రేకుల షెడ్డు, గాలి... అంతే.

పని సులువు. ఆకాశాన్ని ఎనిమిది ముక్కలనుకోవాలి, ఎన్ని ముక్కల్లో మబ్బుందో రాయాలి. తర్వాత గొట్టంలోంచి ఒక నక్షత్రాన్ని చూడాలి. వణుకుతుంటే తక్కువ మార్కులు, కుదురుగా ఉంటే ఎక్కువ. చీకటి పడగానే స్వాతిని చూశాను. పదికి ఎనిమిది. ఇన్నేళ్లుగా మార్కులు వేస్తున్నాను, ఇంత ఇష్టంగా ఎవరికీ వేయలేదు.

ఎండాకాలంలో ఏ కొండైనా ఒకటేనట. వానాకాలంలో కూడా మబ్బు పట్టని కొండ కావాలి. ఈ కొండ ఖాయమైతే దాని మీద ఉద్యోగం నాకేనని సంస్థ ప్రొఫెసరు గారి మాట. ఇక జన్మలో ఎనిమిదో తరగతి ముఖం చూడనక్కర్లేదు.

జూన్ 17, ఆదివారం. నంద్యాల

చర్చిలో మామ వాన కోసం ప్రార్థన చేశాడు. పాస్టరు కాబట్టి ఆపేవాళ్లు లేరు. పాణ్యం, బనగానపల్లె, మిడుతూరు — ఏ ఊళ్లో బావి ఎండిందో, ఏ ఊళ్లో చెరువు ఎండిందో దేవుడికి వరసగా చెప్పుకొచ్చాడు. చివరికి ఆళ్లగడ్డ. అందులో నా కొండ కూడా ఉంది.

అందరూ ఆమెన్ అన్నారు. నేను కొంచెం ఆగి అన్నాను. ఆళ్లగడ్డ మినహాయించి.

కరుణ ఆడవాళ్ల వరసలోంచి తల తిప్పి చూసింది. నా భార్య కావడానికి ముందు నుంచీ మేనమామ కూతురు. నా ముఖం చదవడం చిన్నప్పుడే నేర్చుకుంది.

జూన్ 21

మబ్బు సున్నా. ఎనిమిది మార్కులు.

జూన్ 22

సున్నా. ఎనిమిదిన్నర.

జూన్ 23

సున్నా. తొమ్మిది!! ఈలవేసుకుంటూ దిగాను. రెడ్డి అరుగు మీద కూర్చున్నాడు.

"ఎట్లుండాదప్పా పైన?"

"బ్రహ్మాండంగా ఉంది రెడ్డిగారూ. ఇంత బాగుంటుందనుకోలేదు."

"ఇట్లనే ఉంటాదా?"

"ఈ వారమంతా ఇట్లాగే ఉండేట్టుంది."

తృప్తిగా తలాడించి లోపలికి పోయాడు. మంచి మనిషి. నా పని గురించి ఇంతవరకూ ఇట్లా అడిగినవాళ్లు లేరు.

జూన్ 26

పొద్దున లేచేసరికి చేలో సందడి. రెడ్డి శెనక్కాయ విత్తుతున్నాడు. పొడి దుక్కిలో. ఆయన్ని చూసి పక్క చేలవాళ్లు కూడా గొర్రు కట్టారు. పరుగెత్తుకుంటూ పోయాను.

"వాన పడకముందే... తొందరపడ్డారేమో!"

"నువ్వే చెప్తివి గదప్పా, బ్రహ్మాండంగా ఉండాదని."

వెనక్కి తిరిగి కొండెక్కాను.

మబ్బు సున్నా.

జూన్ 27

చెప్పలేదు. రేపు చెప్తాను.

జూన్ 28

రేపు.

జూలై 3

ఇవాళ చెప్పేశాను. "రెడ్డిగారూ... నేను బాగుందంటే, మబ్బు లేదని అర్థం."

చుట్ట నోట్లోంచి తీశాడు. "మబ్బు లేకుంటే నీకు బాగుండేది?"

"నక్షత్రాలు కనపడాలి కదండీ."

"నచ్చత్రాలు." ఆ మాటను కాసేపు నమిలాడు. "నా ఇత్తనాలు చీమలు మోసకపోతాండాయి. నీకేమో నచ్చత్రాలు బాగుండాయి."

లేచి పోయాడు. రాత్రికి లక్ష్మమ్మ గారు ఎప్పటిలాగే సంగటి పంపింది. ముద్ద ఎప్పటంత పెద్దదే. అదే కష్టంగా ఉంది... ముద్ద తగ్గించినా బాగుండేది.

జూలై 6

నా గొట్టం మబ్బుల్ని తరుముతోందని ఊళ్లో మాట. పెద్దమనుషులు కలిసి వచ్చారు. గొట్టాన్ని పైకి కాకుండా కిందికి పెట్టుకోమన్నారు.

"కిందికి పెడితే ఏం కనపడుతుంది?"

"మా చేండ్లు కనపడతాయి. అవి చూసి రాయి."

వాళ్లలో మెతకగా మాట్లాడేవాడొకడు రాజీకి దిగాడు — "తరిమేది వచ్చినోనికి పిల్చేది రాదా? అటు కొన నుంచి చూడు సామీ, తిరుక్కోని వస్తాయేమో."

సరేనని గొట్టం తిప్పి పెట్టాను. వరసగా అందరూ చూశారు. కొండ చీమంత అయి ఎక్కడో దూరంగా కనపడింది. పనికిరాదని వాళ్లే తేల్చి, నీళ్లు తాగి పోయారు.

జూలై 11

అమెరికావాళ్లు ఆకాశంలోకి పంపిన ల్యాబు కూలి ఎక్కడో పడబోతోందని రేడియో. అలిగిన రెడ్డి ఇన్నాళ్లకు గుమ్మంలోకి వచ్చాడు.

"అది మీ ఆఫీసుదేనా?"

కాదన్నాను. నమ్మలేదు.

ఎట్లాగూ పోతామని ఊళ్లో కోళ్లన్నీ కోసేశారు. లక్ష్మమ్మ గారు నాకూ ఒక కాలు పంపింది. చావబోయేముందు కూడా అతిథి అతిథే.

జూలై 12

అది సముద్రం అవతలెక్కడో పడిందట. ఊరు ఉంది. కోళ్లు లేవు. తెల్లారిందని చెప్పేవాళ్లు లేక అందరం ఆలస్యంగా లేచాం.

జూలై 15, ఆదివారం. నంద్యాల

మామ మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఆళ్లగడ్డతోనే మొదలు. అన్నాల దగ్గర కరుణ కూర వడ్డిస్తూ ఆగింది.

"బావా, నువ్వు ఆమెన్ అనేటప్పుడు పెదవులొక్కటే కదులుతాండాయి."

"గొంతు పట్టేసింది."

"మా నాయన వాన కావాలని అడుగుతాండాడు. నువ్వు వద్దని అడుగుతాండావు. ఒకే ఇంట్లోనుంచి రెండు మాటలు పోతే పైనున్న ఆయనేం చేస్తాడు పాపం... ఊరకుండాడు."

మామ తలెత్తాడు. నేను నీళ్లు తాగాను. చాలాసేపు తాగాను.

జూలై 20

ఆడవాళ్లు రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిప్పుతున్నారు. వాకిట్లోకి వచ్చినప్పుడు దాని మీద నీళ్లు పోయాలి. లక్ష్మమ్మ గారు చెంబెత్తింది. సగం కప్ప మీద పోసింది. మిగతా సగం నా నెత్తిన గుమ్మరించింది.

"ఎందుకమ్మా నాకు?"

"కప్పదేం తప్పుంది నాయనా? వానను ఆపినోడివి నువ్వు."

కప్ప, నేను ఒకరినొకరం చూసుకున్నాం. ఇద్దరికీ ఊరేగింపు ఇష్టం లేదు.

సాయంత్రం కొండ మీద — పడమట మూడు ముక్కల మబ్బు! నెల దాటాక మొదటిసారి. నాకు కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. మార్కులు పోయాయని. కిందికి చూస్తే ఊరంతా మిద్దెల మీద నిలబడి అదే మబ్బు వైపు చేతులు చాపి ఉంది...

కాసేపటికి అది విడిపోయింది. నాలుగు మార్కులే వేశాను. ఎందుకో స్వాతి మీద కూడా కోపమే.

ఆగస్టు 9

ప్రొఫెసరు గారి కార్డు. అన్ని కొండల్లో మనదే మొదటి స్థానంలో ఉందట. "ఇంత చక్కటి వానాకాలం నేనెక్కడా చూడలేదు" అని రాశారు. స్వయంగా వచ్చి మూడు సాయంత్రాలు చూసి ఖాయం చేస్తారట.

ఎగిరి గంతేయాలి. బావి దగ్గర లక్ష్మమ్మ గారు బొక్కెన దించుతోంది. అది రాతికి తగిలిన చప్పుడు నా గది దాకా వినిపించింది. గంతేయలేదు.

ఆగస్టు 12

ఆదివారమైనా నంద్యాల పోలేదు. ఆమెన్ దగ్గర ఏమనాలో తెలియక.

మేత లేదు. రెడ్డి తన ఎద్దులను నంద్యాల కాలవ కింద, అల్లుడి ఊరికి తోలి పంపాడు. అవి మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు. నేను పక్కకు పోయి నిలబడ్డాను.

"రెడ్డిగారూ, ఆ రోజు నేను సరిగ్గా చెప్పి ఉంటే..."

"చెప్పినా ఇత్తేవోడినేలేప్పా. జూన్ నెలలో రైతు చెయ్యి ఊరికే ఉంటాదా?" కొంచెం ఆగి, "కానీ నిన్ను తిట్టుకుంటే రొంత బాగుంటాది. అది మాత్రం మాన్పియ్యొద్దు."

మాన్పించనని మాటిచ్చాను.

ఆగస్టు 13

పైన ఒంటరిగా. మబ్బు సున్నా. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. చూసి చూసి, "రా" అన్నాను గట్టిగా. మబ్బునే అన్నాను. అని, ప్రొఫెసరు గారు విన్నారేమోనన్నట్టు చుట్టూ చూసుకున్నాను.

ఆగస్టు 24, శుక్రవారం

ప్రొఫెసరు గారు దిగారు. తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. రెడ్డి ఎదురెళ్లాడు.

"నువ్వు పెద్ద వాన అయ్యోరివా?"

ఆయన నా వైపు చూశారు. నేను కొండ వైపు చూశాను.

ఎక్కేటప్పుడు మబ్బు రెండు ముక్కలు. సగం కొండకు ఐదు. పైకి చేరేసరికి ఎనిమిదికి ఎనిమిది. "చూడండి, తేలిపోతుంది" అన్నారు ఆయన. టెలిస్కోపు మూత తీయకముందే మొదటి చినుకు ఆయన కళ్లద్దాల మీద పడింది. తర్వాత కొండంతా ఒకేసారి... రేకుల మీద ఆ చప్పుడు! ఒకరి మాట ఒకరికి వినపడదు. షెడ్డు మూడు చోట్ల కారింది. ఆయన నాలుగో చోట నిలబడ్డారు. అక్కడా కారింది.

"ఎందుకు నవ్వుతున్నారు?" అని అరిచారు.

"నవ్వడం లేదు సార్!" అని అరిచాను. నవ్వుతూనే ఉన్నాను. ఉద్యోగం కళ్లముందే కొట్టుకుపోతోంది. కింద ఊళ్లోంచి కేకలు, ఈలలు, ఎవరో పళ్లెం వాయిస్తున్నారు.

ఆగస్టు 25

వాన. మబ్బు ఎనిమిది. నక్షత్రం — ఏది?

ఆగస్టు 26, ఆదివారం

వాన. వాగు పొంగింది, ఆళ్లగడ్డ దారి తెగింది. మామ ఇవాళ చర్చిలో తన గెలుపు ప్రకటించి ఉంటాడు. ఇక్కడ ఆడవాళ్లు కప్ప గెలిచిందంటున్నారు. మగవాళ్లు మాత్రం పెద్ద అయ్యోరి కాలు మంచిదని, ఏటా జూన్ నెలలోనే పంపమని నన్ను అడుగుతున్నారు.

పెద్ద అయ్యోరు రెడ్డి పంచె కట్టుకుని సంగటి తింటున్నారు. తెల్ల ప్యాంటు ఆరడం లేదు.

ఆగస్టు 28

వెలిసింది. శెనక్కాయకు అదను పోయింది, జొన్న వేస్తానన్నాడు రెడ్డి. ఎద్దులకు కబురు పంపాడు. ప్రొఫెసరు గారు గట్టు మీద కూర్చుని బురద చూస్తున్నారు. నెమ్మదిగా అడిగారు — "ఇన్ని రోజుల్లో ఇక్కడ వాన పడింది నేను వచ్చినప్పుడేనా?"

"అవును సార్."

"నన్ను చూసి నిర్ణయిస్తే కొండకు అన్యాయం. మీ అంకెలు చూసి నిర్ణయిస్తే నేను చూసిన వానకు అన్యాయం."

ఆగస్టు 29

వాగు తగ్గింది. ఆయన లారీ ఎక్కి పోయారు. "ఆలోచించి రాస్తాను" అన్నారు. పంచెతోనే పోయారు. తిరిగి అడగబోతే రెడ్డి ఒప్పుకోలేదు.

ఆగస్టు 30

వాన కడిగిన గాలి. మబ్బు సున్నా. అభిజిత్తు మేకు కొట్టినట్టు నిలబడింది, రవ్వంత కదలిక లేదు. పదికి పది వేయాలి. ఇంతవరకూ ఎవరికీ వేయలేదు. చూసి నిర్ణయించాల్సిన మనిషి నిన్ననే వెళ్లిపోయారు.

వెనకాల ఎవరో రొప్పుతున్నారు. చూస్తే రెడ్డి! కొండెక్కడం ఇరవై ఏళ్ల తర్వాత ఇదేనట.

"ఏముండాదో చూపీ. ఇంతకాలం తిట్టినా, ఏంటికి తిట్టినానో చూడాల గదా."

సగం చంద్రుడున్నాడు. గొట్టం అటు తిప్పాను. కన్ను పెట్టాడు.

"ఏందప్పా ఇన్ని గుంతలు? బావులా?"

"కాదు. రాళ్లు పడి ఏర్పడ్డ గుంతలు."

"నీళ్లుండాయా?"

"చుక్క లేదు."

"మబ్బులు?"

"అసలే ఉండవు. వాన పడదు, గాలి కూడా లేదు. ఎప్పుడూ బ్రహ్మాండంగా ఉంటుంది."

కన్ను తీయకుండానే అన్నాడు — "అయితే నీ దుకాణం ఆడ పెట్టుకోరాదా అయ్యోరా... ఈడ మా మీద పడితివే!"

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయనా నవ్వాడు, గొట్టం ఊగింది, చంద్రుడు పోయాడని కోప్పడ్డాడు, మళ్లీ సరిచేసి పెట్టాను.

తూర్పున ఒక ముక్క మబ్బు లేస్తోంది. అది పైకి వచ్చేలోపు రీడింగు తీయాలి. రెడ్డి కన్ను తీయడం లేదు. "త్వరగా కానివ్వండి" అంటే, "ఉండప్పా, ఇంగో గుంత ఉండాది" అంటున్నాడు...