చిటికెడు కారం

ప్రొద్దుటూరు, ఆదివారం

కువైట్‌లో పనిచేసిన ఇంట్లో నేర్చుకున్న క్రియోల్ సాస్, నంజుకునే ఘాటు సాస్, ఈరోజు మా ఇంట్లో చేశాను. వెనిగర్‌లో నానిన ఆవాలను పలుకుగా రుబ్బి, వెల్లుల్లి, నిమ్మరసంతో మయోనైజ్‌లో కలిపాను. ఆ ఘాటు ముక్కుకెక్కగానే ఆ వంటగది కళ్లముందుకొచ్చింది. ఆ ఇంటి పాప నూరా గట్టుమీద కూర్చుని, గిన్నెలో వేలు పెట్టి నాకేది. తొమ్మిదేళ్లు నా చేతుల్లోనే పెరిగింది. ఇప్పుడు ఎవరు చేసిపెడుతున్నారో...

నా కూతురు షబానా వేయించిన ఉర్లగడ్డ ముక్కను అందులో ముంచి తింది.

"అమ్మా, శానా బాగుండాది గానీ కారం యాడ?"

"చిటికెడు ఏసినా గదా."

"చిటికెడు ఎవరికి సాలుతాది? జేజినడుగు, నేను పచ్చిమిరపకాయ కొరుక్కుంటా సంగటి తింటా."

నవ్వుతూనే అంది. లేచి కారం డబ్బా తెచ్చుకుంది.

నూరా నాలుక మండకుండా ఎంత వేయాలో నా వేళ్లకు ఇంకా గుర్తే. నా బిడ్డ ఎంత తింటుందో మాత్రం దాన్ని పెంచిన జేజికి, మా అత్తకు, తెలుసు. షబానా కారం కలుపుకుంటుంటే పక్కనే కూర్చుని చూశాను.

ఒకటిన్నర చెంచా. మరిచిపోకుండా రాసిపెట్టుకుంటున్నాను.