ఆసు పోసినామె పేజీ

సోమవారం రాత్రి, భువనగిరి

ఆసు చట్రం మేకుల చుట్టూ నూలు పోసి పోసి భుజం అరగదీసుకున్న నా భార్య లక్ష్మి గురించి నేను రాసిన పేజీ, మా బ్లాగు చేనేత విభాగంలో ఎన్నడూ కిందికి జారకుండా అన్నిటికన్నా పైన ఉండాలని నా చిన్ననాటి స్నేహితుడు మల్లేశం, నేను ఒప్పుకున్నాం. పాస్‌వర్డ్ అతనికిచ్చింది నేనే. చిన్నప్పుడు నా సైకిలూ అట్లాగే ఇచ్చాను, అది వేరే కథ. ఇవాళ పొద్దున చూస్తే పైన అతని సన్మానం ఫొటో ఉంది.

“తీసెయ్యలే గదరా, జర కిందికి జరిపిన,” అన్నాడు ఫోన్లో.

“ఎంత కిందికి?”

“నాలుగో పేజీల ఉన్నది.”

లక్ష్మికి మొదటి పేజీ తెరవడం వరకే వచ్చు. సాయంత్రం రోజూలాగే ఫోన్ తీసి, “నా పేరు కనిపిస్తలేదేంది?” అంది.

నెట్ రావడం లేదని చెప్పాను.

“రేపొస్తది తీ,” అని నన్నే ఓదార్చింది.