నలభై ఒకటో నిమిషం

ల్యాబు, రెండో అంతస్తు,
మే 14, గురువారం.

బాబాయ్ గారికి,

నమస్కారం. మీరూ పిన్నీ కులాసాయేనా అని అడిగే ముఖం లేదు. అయినా అడుగుతున్నాను.

మీరు వెళ్ళి మూడు వారాలైంది. వెల్డింగ్ షెడ్డులో మీ స్టూలు మీద కొత్త కాంట్రాక్టరు కూర్చుంటున్నాడు. అతను రెండుసార్లు అతుకు వేసినా మన ల్యాండరు తీరు మారలేదు. సీసం కూడా నీళ్ళలా కరిగే ఆ గ్రహం మీద దిగి రెండు గంటలు బతకాల్సిన పెట్టె, మన పరీక్ష కొలిమిలోనే నలభై ఒకటో నిమిషానికి ప్రాణం వదిలేస్తోంది. లోపలి సర్క్యూట్లు వేడెక్కి, తెర మీద గీత టక్కున పడిపోతుంది.

శనివారం ఆఖరి పరీక్ష. అదీ పోతే ప్రాజెక్టు మూసేస్తామని చీఫ్ తేల్చేశారు. ఆరేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే. నిన్న క్యాంటీనులో డ్రాయింగుల అక్క, ఆ గ్రహం కన్నా తన అత్తగారి నోరే వేడని మమ్మల్ని నవ్వించబోయి, తనే ఏడ్చేసింది.

మీ అతుకు లీకవుతోందని రిపోర్టు రాసి మిమ్మల్ని పంపించేశారు. మీరు ఎదురాడలేదు. చేతి తొడుగులు మడిచి బల్ల మీద పెట్టి, అతుకు నాదే గాని కారే అతుకు మాత్రం కాదు పిల్లా అన్నారు నాతో. ఆ మాట చెవిలోంచి పోవడం లేదు.

మీ కాళ్ళు పట్టుకుంటాను. రేపు పొద్దున్నే వచ్చి అతుకు మళ్ళీ వేయండి. గేటు దగ్గర నేను చెప్పిపెడతాను.

ఇట్లు,
మీరు పిల్లా అని పిలిచే నేను.

తా.క.: కవరు అంటించి మళ్ళీ చింపాను. అతుకు బాగానే ఉంది బాబాయ్. వేడి నా తీగల వెంట లోపలికి పోతోంది. లోపలి వేడి కొలవడానికి లావుపాటి రాగి తీగలు పెట్టించింది నేనే. మొన్న ఎవరూ లేనప్పుడు వెంట్రుకంత సన్నవి మార్చి చూశాను. రెండు గంటల పది నిమిషాలు బతికింది. నా తప్పు బయటపడుతుందని భయపడి మళ్ళీ పాతవే బిగించేశాను. మీ మీద రాసిన రిపోర్టులో సంతకం నాది. మీరు అతుకు వేశాక చాటుగా తీగలు మార్చేద్దామని, తప్పు ఒప్పుకోకుండా మిమ్మల్ని వెనక్కి రప్పించుకోవాలని పైదంతా రాశాను. ఎదురుపడే ధైర్యం లేక దీన్ని మీ తలుపు కింద తోసి వెళ్తున్నాను. రేపు రండి, వెల్డింగు సామాను మాత్రం తేవద్దు. ఈ కాగితం పట్టుకుని సూటిగా చీఫ్ గదికి వెళ్ళండి. నేను అడ్డుపడితే పక్కకు తోసేసి వెళ్ళండి.