నాన్న గిటారు గొంతు

బేకర్స్‌ఫీల్డ్,
నవంబరు 1991.

అమ్మకు,

నీ కూతురు వెర్లీన్ ప్రేమతో రాస్తున్నది. పొగమంచు ముసిరి ఇంటింటా దగ్గులే అయినా, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఆర్కాన్సాలో నువ్వూ పిన్నీ చలికి జాగ్రత్తగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి సంగతి రాయలేదు. రాయలేదంటే నొప్పి తగ్గలేదన్నమాటే.

నువ్వడిగిన పీచ్ చెట్టు బతికింది. కొత్త పాస్టరు ప్రసంగం మాత్రం ఇంకా పొడుగే. ఇక నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన ప్రశ్న: "రేఫర్డ్ మీ నాన్న గిటారు మార్చేశాడా?"

అమ్మా, ఆ అనుమానం నీకంటే ముందు నాకే వచ్చింది. వేసవిలో తమ్ముడు దాన్ని బాగుచేస్తానని తీసుకెళ్ళి, చాలా రోజులకు నాడీన్ నడిపే డాన్సు హాల్లో వాయించాడు. పాడేదాన్ని నేనే కదా, మొదటి పాటకే గతుక్కుమన్నాను. నాన్న గిటారు పైతీగ చురుక్కుమని కొరికి, అంతలోనే మెత్తబడేది. ఇప్పుడా కొరుకుడు లేదు, గొంతు లావెక్కింది. ఈనాటి కొత్త గిటార్లలా ఆరు తీగలూ ఒకే ఎత్తున, బడిపిల్లల వరసలా పలికాయి.

పాత గిటార్లు సేకరించే లాస్ ఏంజిలిస్ ఆయనొకడు ఆ పూట అక్కడే ఉన్నాడు. నా పక్కకొచ్చి, "అది మీ నాన్నగారి కాలంది కాదండీ. కొత్త కర్రని గీకి, పొగచూరించి పాతదని చూపిస్తున్నారీమధ్య. అయినా ముచ్చటగా ఉంది, నాకిప్పిస్తారా?" అన్నాడు.

మర్నాడే రేఫర్డ్ షెడ్డుకెళ్ళాను.

"నాన్నది ఏం చేశావురా?"

"నీ ఎదురుగానే ఉందిగా."

"దాని గొంతు ఇది కాదు."

"నీ చెవులకి వయసొచ్చిందక్కా."

ఆ మాట అంటూ నా మొహం చూడలేదు వాడు. గిటారు మెడ విప్పి, లోపల ఫ్యాక్టరీవాళ్ళు పెన్సిలుతో రాసిన తేదీ చూపించాడు.

"పెన్సిలు నీ దగ్గరా ఉందిలే. దొంగవి నువ్వు," అని వచ్చేశాను.

చివరికి నాడీన్ ఒక ఉపాయం చెప్పింది. హాలు వేదిక మీద దుప్పటి కట్టింది. దాని వెనక ఈ గిటారు, దుకాణం నుంచి అడిగి తెచ్చిన సరికొత్తది ఒకటి. రెంటికీ ఒకే యాంప్లిఫయర్. ఆమె ఏది చేతికిస్తే రేఫర్డ్ అది వాయించాలి.

"ఇది పాటా, పోలీసు విచారణా?" అన్నాడు వాడు.

"దుప్పటి ఉతికి తెచ్చాను, నస పెట్టకుండా కానివ్వండి," అంది నాడీన్.

మొదటిది అదే లావు గొంతు. రెండోది మొదలవగానే దుప్పటి దగ్గరికి నడిచాను. ఆ చురుకు, ఆ మెత్తదనం, చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి బిగబట్టే నాన్న అలవాటు! "అదే నాన్నది! ముందుది దొంగసరుకు!" అని అరిచాను.

నాడీన్ దుప్పటి లాగేసింది. తమ్ముడి చేతిలో ఉన్నది ఎర్రగా మెరుస్తున్న కొత్త గిటారు. దుకాణం చీటీ ఇంకా వేలాడుతోంది.

నాడీన్ నవ్వబోయి ఆగిపోయింది. రేఫర్డ్ జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. అందులో చిలుమెక్కిన రాగితీగ చుట్ట.

"తీగల కింద ఉండి, వాటి మోతని పట్టి యాంప్లిఫయర్‌కి పంపేది ఇదేనక్కా. లోపలే తెగి చచ్చిపోయింది. ఇంకోటి నేనే చుట్టాను. నాన్న గొంతు నా చేతుల్లో పోయిందని నీకెలా చెప్పను? దొంగంటే పడదామనుకున్నా."

"మరి ఈ కొత్తదాన్ని ఏం చేశావు?"

"ఏం చెయ్యలేదు. దొంగన్నావుగా, ఒళ్ళు మండింది. నాన్నకి కోపమొచ్చినప్పుడు ఎలా మీటేవాడో అలా మీటాను. పాతదాన్నంటావా, ముట్టుకోవాలంటేనే భయం నాకు. పసిపిల్లని పట్టుకున్నట్టు వాయిస్తా."

అమ్మా, ఇంతసేపూ రాయకుండా దాచిన మాట ఒకటుంది. ఆ పరీక్షకు ముందే, ఎలాగూ దొంగసరుకే కదా అని, తమ్ముడికి తెలియకుండా, గిటారు వచ్చి తీసుకెళ్ళమని ఆ సేకరించే ఆయనకు మాటిచ్చాను. నిన్న ఉదయం ఆయన కారేసుకుని వచ్చాడు. గిటారు పట్టుకుని రేఫర్డ్ కూడా అప్పుడు మా వంటింట్లోనే ఉన్నాడు. ఆ సంగతి వాడికింకా చెప్పలేదు.

గుమ్మంలోనే ఆయన్ను ఆపి, "నకిలీదన్నారుగా?" అన్నాను.

"అయితే అయింది, ఇస్తానని మాటిచ్చారుగా!"

"నకిలీదానికి అంత దూరం నుంచి రెండుసార్లు ఎవరొస్తారండీ?" అని తలుపేశాను. ముందు ఆయన్ని అనుమానించాల్సింది, తమ్ముణ్ణి అనుమానించాను.

వెనక్కి తిరిగితే రేఫర్డ్. అంతా విన్నాడు. బల్ల మీది గిటారు తీసుకుని, వెంట తెచ్చుకున్న చిన్న యాంప్లిఫయర్‌కి తగిలించి, తీగలు కట్టిన కొస దగ్గర బొటనవేలితో చెళ్ళున మీటాడు. నా మీద కోపమంతా అందులో ఉంది. పైతీగ కొరికింది. అచ్చం నాన్నది అనను, అమ్మా, కానీ పరాయిది మాత్రం కాదు.

పాట అయ్యేదాకా గోడకానుకుని నిలబడ్డాను. తప్పైందని అనేలోగానే వాడు, "కాఫీ ఉందా, అక్కా?" అన్నాడు.

గిటారు వాడి దగ్గర్నుంచి లాక్కోమన్నావు. లాక్కోను. కోపమొస్తే నాకు రాయి, వాడికి కాదు.

ఇట్లు,
నీ కూతురు
వెర్లీన్